గిటారు ప్రశ్నలు – జవాబులు: గెస్ట్‌గా వాయించేవాళ్లకి, పిలిచేవాళ్లకి

ప్రశ్న: ప్రోగ్ రాక్ (తాళాలు, టెంపోలు మారుతూ సాగే రాక్) బ్యాండు పోర్క్యుపైన్ ట్రీ 2007 ఆల్బమ్ ‘ఫియర్ ఆఫ్ ఎ బ్లాంక్ ప్లానెట్’లో ‘అనస్థటైజ్’ అనే పెద్ద పాట ఉంది కదండీ. దాని మొదటి భాగంలో వచ్చే గిటారు సోలో ఆ బ్యాండు గిటారిస్టు స్టీవెన్ విల్సన్‌దే అని నేను, కాదని మా తమ్ముడు. ఎవరిది నిజం? బ్యాండులో గిటారిస్టు ఉండగా బయటి మనిషిని పిలవడం ఎందుకు?
– రాజమహేంద్రవరం పాఠకుడు

జవాబు: మీ తమ్ముడే గెలిచాడు. ఆ సోలో రష్ బ్యాండు గిటారిస్టు అలెక్స్ లైఫ్‌సన్‌ది. అదే ఆల్బమ్‌లో ‘వే అవుట్ ఆఫ్ హియర్’ పాటకి కింగ్ క్రిమ్సన్ బ్యాండు గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్ కూడా పనిచేశాడు. అక్కడ సోలో కోసం వెతికితే దొరకదు. స్వరాల్ని సాగదీసి, పొరలు పొరలుగా పేర్చి పాట వెనక పరిచాడు, అంతే. 2005 నాటి ‘డెడ్‌వింగ్’ ఆల్బమ్‌లో గిటారిస్టు ఏడ్రియన్ బెలూ రెండు పాటల్లో సోలోలు వాయించాడు. ‘అరైవింగ్ సమ్‌వేర్ బట్ నాట్ హియర్’లో రెండో సోలో ఓపెత్ బ్యాండు మికాయెల్ ఓకర్‌ఫెల్ట్‌ది.

విల్సన్‌కి వాయించడం రాక పిలిచాడా? కాదు. పాటలో ఒకచోట తన బాణీలో లేని రంగు కావాల్సి వచ్చింది. గిటారుతో జంతువుల అరుపులు కూడా పలికించే బెలూ ఒక రంగు, ఫ్రిప్ పరిచే నాదం ఇంకో రంగు. ముగ్గురు గిటారిస్టులున్న పెరిఫెరీ బ్యాండు కూడా 2012లో తమ రెండో ఆల్బమ్‌కి జాన్ పెట్రూచీ, గత్రీ గోవన్, వెస్ హాక్‌లతో తలా ఒక పాటలో సోలో వాయింపజేసింది. అదే ఏడాది మన దేశపు బ్యాండు స్కైహార్బర్ తొలి ఆల్బమ్‌లో మార్టీ ఫ్రీడ్‌మన్ వాయించాడు. ఎవరు ఎంత వేగంగా వాయిస్తారన్న లెక్క చూసి గెస్ట్‌ని పిలిస్తే ఆ సోలో పాటకి అతికించినట్టే ఉంటుంది. పాటలో ఏ చోట ఏ ధ్వని లోటుగా ఉందో ముందు తేల్చుకుని, ఆ ధ్వని ఎవరి చేతిలో ఉందో తర్వాత వెతకాలి.

ప్రశ్న: బెంగళూరు బ్యాండు వాళ్లు తమ పాటలో 16 బార్ల (తాళం ఆవర్తాల) సోలో వాయించమని ఎంపీ3 పంపారు. ఇంట్లో ల్యాప్‌టాప్, చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. ఎలా రికార్డు చేసి పంపాలి? కిందటిసారి వేరేవాళ్లకి పంపితే శ్రుతి కలవలేదని తిప్పి కొట్టారు.
– అమలాపురం పాఠకుడు

జవాబు: మీరు తప్పు శ్రుతిలో వాయించి ఉండరు. శాంపిల్ రేట్, అంటే శబ్దాన్ని సెకనుకి ఎన్నిసార్లు కొలుస్తారన్న లెక్క, వాళ్ల ప్రాజెక్టులో 48 కిలోహెర్ట్జ్, మీ ఫైలులో 44.1 ఉండి, మార్చకుండా నేరుగా పెడితే మీ గిటారు సుమారు 8.8 శాతం వేగంగా, దాదాపు ఒకటిన్నర సెమీటోన్ పైన పలుకుతుంది. అయిదు నిమిషాల ట్రాకు 24 సెకన్ల ముందే అయిపోతుంది. అందుకని మొట్టమొదట అడగాల్సింది: మీ శాంపిల్ రేట్ ఎంత? వాళ్లు ఏది చెబితే అది, 24 బిట్, వేవ్ ఫైలు.

ఎంపీ3 మీద వాయించి పంపడం వద్దు. ఎన్‌కోడ్ చేసినప్పుడు ఫైలు మొదట్లో కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ చేరుతుంది. మీరు సరిగ్గా వాయించినా అక్కడ వాళ్ల డ్రమ్స్ మీద జారినట్టు వినిపిస్తుంది. వేవ్ ఫైళ్లే అడగండి: సోలో లేని మిక్సు ఒకటి, డ్రమ్స్–బేస్ విడిగా ఒకటి, క్లిక్ (తాళం టిక్కులు) ఒకటి. ప్రోగ్ పాటల్లో టెంపో మధ్యలో మారుతుంది కాబట్టి టెంపో మ్యాప్ (ఏ చోట ఎంత వేగమో చెప్పే పట్టిక) ఉన్న మిడి ఫైలు కూడా కావాలి. వీటితోపాటు కార్డులు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) రాసిన కాగితం, సోలో అయ్యాక గాయకుడు అందుకునే మొదటి స్వరం. ఈ ఆఖరిది చాలామంది అడగరు. మీ చివరి స్వరం గాయకుడి మొదటి స్వరంతో గొడవపడితే సోలో ఎంత బాగున్నా కత్తెర పడేది అక్కడే.

ఇంటర్‌ఫేస్‌లో ‘ఇన్‌స్ట్రుమెంట్’ లేదా ‘హై–జెడ్’ (Hi-Z) అని ఉన్న మీట నొక్కండి. అది మరిచిపోతే గిటారు పై స్వరాల మెరుపు పోయి మొద్దుగా వస్తుంది, తర్వాత ఈక్యూ (హెచ్చు, తగ్గు స్వరాల సర్దుబాటు)తో తెచ్చుకోలేరు. గట్టిగా మీటినప్పుడు మీటరు మైనస్ 10 డెసిబెల్ దగ్గర ఆగేలా గెయిన్ పెట్టండి. బఫర్ (శబ్దాన్ని కంప్యూటర్ ఒక్కో విడతగా తీసుకునే ముక్క) 128 శాంపిళ్లు లేదా అంతకన్నా తక్కువ. 512 దగ్గర వదిలేస్తే మీటిన స్వరం చెవికి చేరేసరికి 20 మిల్లీసెకన్లు దాటుతుంది, తెలియకుండానే తొందరపడి వాయిస్తారు.

హమ్ (గుయ్‌మనే రొద) వస్తోందా? ల్యాప్‌టాప్ చార్జర్ తీసి బ్యాటరీ మీద వాయించి చూడండి. సగం ఇళ్లలో అక్కడితో పోతుంది. పోకపోతే తీగల మీద చెయ్యి వేయండి. చెయ్యి వేస్తే తగ్గి, తీస్తే పెరిగితే గిటారు లోపలి షీల్డింగో ఇంటి ఎర్తింగో బలహీనంగా ఉన్నట్టు. ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ పరీక్ష చేయించండి. ప్లగ్గు మూడో పిన్ను విరగ్గొట్టే చిట్కా ఎవరు చెప్పినా వినొద్దు, ప్రాణం మీదికొస్తుంది. సింగిల్ కాయిల్ పికప్ అయితే ఇన్వర్టర్‌కీ, మానిటర్‌కీ దూరంగా కూర్చుని, కుర్చీ కొంచెం కొంచెం తిప్పుతూ హమ్ తక్కువగా ఉన్న దిక్కు పట్టుకోండి.

రెండు రకాల ఫైళ్లు పంపాలి: ఏ ఎఫెక్టూ లేని డీఐ (గిటారు నుంచి నేరుగా రికార్డైన శబ్దం) ఒకటి, మీ టోనుతో ఒకటి. రెండూ మోనో. టోను ఫైలులో డిస్టార్షన్ ఉండొచ్చు గానీ రివర్బ్ (గది మోత), డిలే (ప్రతిధ్వని) కలపకండి. డిలే లేకుండా ఆ సోలోయే లేదనుకుంటే మూడో ఫైలుగా విడిగా ఇవ్వండి. ప్రతి ఫైలూ పాట మొదటి క్షణం నుంచే మొదలవ్వాలి. సోలో నాలుగో నిమిషంలో ఉన్నా సరే, ముందంతా నిశ్శబ్దంగా ఉంచండి. అలాగైతే అవతలివాళ్లు సున్నా దగ్గర పెడితే చాలు. నార్మలైజ్, లిమిటర్ లాంటి ధ్వనిని పెంచే, అదిమే పనుల జోలికి పోవద్దు. పంపే ముందు కొత్త ఖాళీ ప్రాజెక్టు తెరిచి, వాళ్ల మిక్సు, మీ ఫైలు సున్నా దగ్గర పెట్టి ఒకసారి పూర్తిగా వినండి.

ఇక సోలో సంగతి. నిమిషానికి 120 బీట్ల టెంపోలో నాలుగు బీట్ల బార్లు 16 అంటే 32 సెకన్లే. మొదటి రెండు బార్లలోనే వచ్చిందంతా కుమ్మరిస్తే మిగతా 14 బార్లకి ఎక్కడానికి మెట్టు ఉండదు. శిఖరం 11, 12 బార్ల దగ్గర పెట్టుకుని వెనక్కి లెక్క వేసుకోండి. మూడు టేకులు పూర్తిగా పంపండి, వాటిలో ఒకటి తక్కువ స్వరాలతో ఉండనివ్వండి. బ్యాండు చాలాసార్లు ఎంచుకునేది దాన్నే.

ప్రశ్న: గెస్ట్‌గా వాయించాలంటే నిజం ఆంప్ ఉండాలా, సాఫ్ట్‌వేర్ చాలా?
– తణుకు పాఠకుడు

జవాబు: చాలు. డీఐ పంపుతారు కాబట్టి అవతలివాళ్లు తమకి నచ్చిన ఆంప్‌లో మళ్లీ తిప్పుకుంటారు. ఆ డబ్బుతో కొత్త తీగలు, మంచి కేబులు కొని, ఒకసారి ఫ్రెట్లు సరిచేయించండి. అవి బాగోకపోతే ఏ ఆంప్ కూడా కాపాడదు.

ప్రశ్న: మా పాట 7/8లో (ఒక బార్‌కి ఏడు అక్షరాలు) ఉంది. రిథమ్ బాగానే వాయిస్తాను, సోలో మొదలెట్టగానే నాలుగో బార్‌కల్లా లెక్క తప్పుతోంది.
– భీమవరం పాఠకుడు

జవాబు: ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టడం మానేయండి. ఒక్కో అంకె ఒక్కో పొడవు, వేగం పెరిగితే నోరు తిరగదు. మనకి మిశ్రచాపు ఉండనే ఉంది: తకిట తకధిమి, మూడు–నాలుగు. ముందు మీ రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటారు వరస) ఎలా విరుగుతోందో వినండి. కొన్ని రిఫ్‌లు తకధిమి తకిట అని నాలుగు–మూడుగా విరుగుతాయి. డ్రమ్మర్ ఒకలా, మీరు ఒకలా అనుకుంటే తప్పడం ఖాయం. టూల్ బ్యాండు 2001 పాట ‘స్కిజమ్’ రిఫ్‌ని ఇలా నోటితో పట్టి చూడండి: తక తకిట, తకిట తకధిమి. అయిదు, ఏడు, కలిపి పన్నెండు.

తర్వాత గిటారు పక్కన పెట్టి, చేత్తో తాళం వేస్తూ రిఫ్ నోటితో పాడండి. పాట టెంపోలో 70 శాతం చాలు. కుదిరాక మెట్రోనోమ్‌ని ఒక అక్షరం విడిచి ఒక అక్షరానికి పడేలా పెట్టండి. మొదటి బార్‌లో క్లిక్ సమం (బార్ మొదటి అక్షరం) మీద, రెండో బార్‌లో సమానికి పక్కన పడి, మూడో బార్ మొదట్లో మళ్లీ సమానికి వస్తుంది. 14 అక్షరాలకి 7 క్లిక్‌లు. దీని మీద చలించకుండా నిలబడగలిగితే సోలోలో లెక్క తప్పదు.

ఆ పైన ఒక అందమైన పని చేయొచ్చు. నాలుగు స్వరాల సంగతి ఒకటి పట్టుకుని ఏడుసార్లు వాయించండి. 28 అక్షరాలు, అంటే సరిగ్గా నాలుగు బార్లు. మధ్యలో తాళాన్ని వదిలేసి ఎటో పోయినట్టు వినిపించి, అయిదో బార్ సమం మీద వచ్చి దిగుతుంది. కచేరీల్లో మృదంగం ముక్తాయింపు విన్న చెవికి ఇది కొత్తేం కాదు.

ప్రశ్న: మాండలిన్ శ్రీనివాస్ గారు పుట్టిన ఊరు మాది. ఎలక్ట్రిక్ వాద్యం మీద గమకం ఎలా పలుకుతుందో ఆయన చూపించారు. మా ప్రోగ్ పాటలో కర్ణాటక వయొలిన్ విద్వాంసులొకర్ని గెస్ట్‌గా పిలవాలని ఉంది. ఏం చూసుకోవాలి?
– పాలకొల్లు పాఠకులు

జవాబు: మంచి ఆలోచన. శ్రీనివాస్ గారు జాన్ మెక్‌లాఫ్లిన్‌తో రిమెంబర్ శక్తి బృందంలో వాయించిన రికార్డింగులు ముందు శ్రద్ధగా వినండి.

గిటార్లు రికార్డు చేయకముందే విద్వాంసుల్ని శ్రుతి అడగండి. మీ పాట ‘ఈ’లో ఉంటే వారి లెక్కలో మూడు శ్రుతి, ‘డి’ అయితే రెండు, ‘జి’ అయితే అయిదు. వారి తీగలకి సుఖమైన శ్రుతి కాకపోతే పాటనే మార్చుకోండి, గిటారుకి అది తేలిక.

ఎక్కువ చెడేది కార్డుల దగ్గర. పాట ‘ఈ మైనర్’, ‘ఏ మేజర్’ మధ్య తిరుగుతోందనుకోండి. ‘ఏ మేజర్’లో ‘సీ షార్ప్’ ఉంది, అంటే చతుశ్రుతి ధైవతం. విద్వాంసులు ఖరహరప్రియ రాగం ఛాయలో అందుకుంటారు. అయిదో బార్‌లో మీరు ‘సీ మేజర్’ వేస్తే శుద్ధ ధైవతం వచ్చి వారి ధైవతంతో ఢీకొంటుంది. తప్పు వారిది కాదు. ఆ కార్డు తీసేయండి, లేదా ముందే చెప్పి అక్కడ ధైవతం వదిలేయమని కోరండి. పాట మొత్తం సహజ మైనర్‌లో ఉంటే నటభైరవి, ఏడో స్వరం పెంచితే కీరవాణి అని చెబితే వారికి వెంటనే అర్థమవుతుంది.

వయొలిన్ కింద పూర్తి కార్డులు కాకుండా షడ్జ పంచమాలే ఉన్న పవర్ కార్డులు వాయించండి. గిటారు గాంధారం ఫ్రెట్ దగ్గర కదలకుండా ఉంటుంది, వయొలిన్ గాంధారం ఊగుతుంది. రెండూ ఒకేసారి మోగితే విద్వాంసులే అపశ్రుతి పలికినట్టు వినిపిస్తారు. వారి హెడ్‌ఫోన్లలో తంబూరా, డ్రమ్స్, బేస్ పెంచి, డిస్టార్షన్ గిటారు బాగా తగ్గించండి. మైకు వాద్యానికి రెండు, మూడు అడుగుల ఎత్తున ఉంచండి. మరీ దగ్గర పెడితే కమాను రాపిడే వస్తుంది. ఫ్యాన్ ఆపడం మరవొద్దు.

ప్రశ్న: కొత్త తీగలు రెండు వారాలకే తుప్పు పడుతున్నాయి. డ్రాప్ సి ట్యూనింగ్‌లో (మందపు తీగని సి దాకా దించినప్పుడు) శ్రుతి అసలు నిలబడదు.
– నరసాపురం పాఠకుడు

జవాబు: ఇవి రెండు వేర్వేరు రోగాలు. తుప్పుకి కారణం సముద్రపు గాలిలో ఉప్పు, చేతి చెమట. వాయించగానే పొడి నూలుగుడ్డతో తీగల పైనే కాదు, గుడ్డని తీగల కిందికి దూర్చి అడుగువైపు కూడా తుడవాలి, తుప్పు మొదలయ్యేది అక్కడే. పూత ఉన్న తీగలు ఖరీదెక్కువైనా మీ ఊళ్లో అవే లాభం. గిటారుని బయటి గోడకి వేలాడదీయకుండా సిలికా జెల్ సంచులతో కేసులో పెట్టండి. చెమ్మ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకి హాయి. కేసులో చిన్న హైగ్రోమీటర్ ఉంచితే తెలుస్తుంది. సిలికా జెల్ రంగు మారితే ఎండబెట్టి మళ్లీ వాడండి. బ్రిడ్జి మరలకి కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు.

శ్రుతి విషయం: డ్రాప్ సికి 10–46 మందం తీగల సెట్టు మరీ వదులు. గట్టిగా మీటినప్పుడల్లా స్వరం పైకెగిరి కిందికి దిగుతుంది. 11–54 వేసి, ఇంటొనేషన్ (ప్రతి ఫ్రెట్ దగ్గరా శ్రుతి సరిపోవడం) మళ్లీ సరిచేయించండి. తీగల బిగువు మారితే నెక్ వంపూ మారుతుంది. మందపు తీగని మొదటి ఫ్రెట్ దగ్గర, చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి ఏడో ఫ్రెట్ పైన సందు కొలవండి, 0.2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉండాలి. ట్రస్ రాడ్ (నెక్ లోపల ఉండి వంపు సరిచేసే కడ్డీ) ఒకసారికి పావు చుట్టు మించి తిప్పొద్దు. వానాకాలంలో, మళ్లీ ఎండాకాలంలో ఈ కొలత చూసుకోవాలి. ఏసీ గదిలో రికార్డింగ్ ఉంటే గిటారుని అరగంట ముందే ఆ గదిలో పెట్టి, ప్రతి టేకుకీ ముందు శ్రుతి చూసుకోండి.

ప్రశ్న: గెస్ట్ సోలోకి డబ్బు అడగొచ్చా? పేరు ఎలా వేయించుకోవాలి?
– కాకినాడ పాఠకురాలు

జవాబు: తప్పకుండా అడగొచ్చు, అదీ వాయించకముందే. స్నేహం మీద ఉచితంగా వాయించినా సరే, ఒక మెయిల్ రాసి అవతలివాళ్లతో ‘ఒప్పుకున్నాం’ అనిపించుకోండి. అందులో ఇవి ఉండాలి: ఎంత, ఎప్పుడిస్తారు, ఎన్నిసార్లు మార్పులు చేసి పెడతారు (రెండు సబబు), వీడియో కూడా ఇవ్వాలా, సోలోని కోసి వేరే పాటలో వాడుకోవచ్చా. సోలోలో బాణీ మీదే అయినా, ముందు మాట్లాడుకోకపోతే సాధారణంగా దాన్ని పాట రచనలో వాటాగా లెక్కించరు. వాటా కావాలంటే ఇక్కడే రాయండి. మన కాపీరైట్ చట్టం ప్రదర్శకుల హక్కుని 50 ఏళ్లు కాపాడుతుంది. 2012 సవరణ తర్వాత ప్రదర్శకులుగా పేరు చెప్పించుకునే హక్కు కూడా ఉంది.

పాట స్ట్రీమింగ్‌కి ఎక్కించేటప్పుడు మీ పేరు ‘ఫీచర్డ్ ఆర్టిస్ట్’గా వేస్తారా, క్రెడిట్లలో ‘గిటార్’ అని మాత్రమే వేస్తారా అన్నది తేల్చుకోండి. మొదటిదైతే పాట మీ పేజీలోనూ కనిపిస్తుంది, రెండోదైతే కనిపించదు. మీ పేరే ఉన్న వేరే కళాకారిణి ఉంటే పాట పొరపాటున ఆమె పేజీకి పోతుంది. అందుకని పేరుతోపాటు మీ ఆర్టిస్ట్ పేజీ లింకు కూడా ఫైళ్లతో కలిపి పంపండి. విడుదలయ్యాక మార్పించడానికి వారాలు పడుతుంది.