ఉలిక్కిపడినంత మాత్రాన పిరికివారేనా?

సందేహం: వెనకనుంచి ఎవరైనా పిలిచినా, తలుపు ధడేలుమని పడినా నేను ఉలిక్కిపడతాను. మా తోటి ఉద్యోగి ప్రతిసారీ "ఎంత పిరికిదానివే!" అంటుంది. ఉలిక్కిపడటం, అదిరిపడటం, దడుసుకోవటం, గతుక్కుమనటం అన్నీ ఒకటేనా? ఇట్టే ఉలిక్కిపడే మనిషిని తెలుగులో ఏమనాలి? ఉలికిపడు, ఉలిక్కిపడు – వీటిలో ఏది సరైనది?

సమాధానం: మీ తోటి ఉద్యోగి మాటతోనే మొదలుపెడతాను. ఉలిక్కిపడితే పిరికి అనటం భాష లెక్కలోనూ కుదరదు, ఒంటి లెక్కలోనూ కుదరదు.

పిరికితనంలో 'తనం' ఉంది. మంచితనం, మొండితనం, సోమరితనం – ఇవన్నీ మనిషిని అంటిపెట్టుకుని ఉండే గుణాలు. ఉలికిపాటులో ఉన్నది 'పాటు'. చెడు నుంచి చేటు వచ్చినట్టే పడు నుంచి పాటు వచ్చింది. పొరపాటు, పిడుగుపాటు, ఉలికిపాటు మనం పూనుకుని చేసేవి కావు, వచ్చి మీద పడేవి. అలవాటులోనూ ఇదే పాటు ఉంది కదా అనవచ్చు. నిజమే, కానీ అలవాటు కూడా పుట్టుగుణం కాదు, తర్వాత పడినదే.

ఈ తేడాను మన అలంకారశాస్త్రం ఎప్పుడో పట్టుకుంది. భరతముని భయాన్ని స్థాయీభావాల్లో, అంటే మనసులో నిలిచి ఉండే భావాల్లో చేర్చాడు. త్రాసాన్ని, అంటే హఠాత్తుగా కలిగే బెదురును మాత్రం వచ్చిపోయే 33 వ్యభిచారీ భావాల్లో పెట్టాడు. మెరుపు, ఉరుము, పిడుగు, మృగాల అరుపు వంటివి త్రాసానికి కారణాలన్నాడు. మీ తలుపు చప్పుడు ఈ రెండో జాబితాలోదే.

ఇక ఒంటి సంగతి. అమెరికా మనస్తత్వ శాస్త్రజ్ఞులు లాండిస్, హంట్ మనుషుల దగ్గర తుపాకీ పేల్చి, ఆ క్షణాన్ని వేగంగా తిరిగే ఫిలిం మీద చిత్రించి, 1939లో ఫలితాలు ప్రకటించారు. ముందుగా కళ్లు మూతపడతాయి. వెంటనే తల ముందుకు వంగుతుంది, భుజాలు పైకి లేస్తాయి, మోచేతులూ మోకాళ్లూ ముడుచుకుంటాయి. అన్నిటికన్నా ముందు జరిగేది రెప్పపాటు అన్నమాట. ఆ మాటలోనూ పాటే ఉంది చూడండి. ఇదంతా అర సెకను లోపే జరిగిపోతుంది. ధైర్యం, పిరికితనం అనేవి రంగంలోకి దిగేటంత వ్యవధి అక్కడ లేదు.

నిబ్బరంగా ఉండాలని గట్టిగా అనుకుంటే ఆగుతుందా? చార్లెస్ డార్విన్ ఆ పరీక్ష తనమీదే పెట్టుకుని 1872లో రాశాడు. లండన్ జంతుప్రదర్శనశాలలో పఫ్ ఆడర్ అనే విషసర్పం ఉన్న గదికి దళసరి అద్దం ఉంది. పాము కాటేయబోయినా వెనక్కి తగ్గకూడదని తీర్మానించుకుని ఆయన ఆ అద్దానికి మొహం దగ్గరగా పెట్టాడు. పాము అద్దాన్ని కొట్టింది. ఆయన గజం రెండు గజాలు వెనక్కి గెంతాడు. అద్దం ఉందని తెలుసు, దెబ్బ రావచ్చనీ తెలుసు. అయినా ఒళ్లు ఆగలేదు. ఏళ్ల తరబడి సముద్రయానం చేసివచ్చిన ఆ మనిషిని పిరికివాడు అనగలమా?

అలాగని ఉలికిపాటు అందరికీ ఒకే మోతాదులో ఉండదు. కొందరికి సహజంగానే ఎక్కువ. టెన్షన్‌లో ఉన్నప్పుడు ఎవరికైనా పెరుగుతుంది. పెద్ద ప్రమాదం నుంచో హింస నుంచో బయటపడినవారిలో చాలాకాలం ఎక్కువగా ఉండవచ్చు. అలాంటి వారిని పిరికి అనటం తప్పే కాదు, అన్యాయం కూడా.

ఇప్పుడు మీరడిగిన మాటలు. ఇవి ఒకటి కావు. ఉలిక్కిపడటం క్షణికం. అందుకే 'ఉలిక్కిపోయాడు' అని ఎవరూ అనరు, అందులో ఉండిపోవటానికి వీల్లేదు. హడలిపోయాడు, బిత్తరపోయాడు, కొయ్యబారిపోయాడు అంటాం, ఆ స్థితి కాసేపు నిలుస్తుంది కాబట్టి. అదిరిపడటం చప్పుడుకే కాదు, కబురుకూ వస్తుంది: "ఆ వార్త విని అదిరిపడ్డాడు." (అదిరిపోయింది అంటే ఈ కాలంలో మెచ్చుకోలు, కనుక పడు, పోవు తారుమారు చేయకండి.) దడుసుకోవటంలో 'కొను' ఉంది, అంటే భయం లోపలికి వెళ్లి కూర్చుందని. "దడుసుకుని జ్వరం తెచ్చుకుంది" అంటాం గానీ, ఉలిక్కిపడి జ్వరం తెచ్చుకుంది అనం. గతుక్కుమనటం వీటన్నిటికీ భిన్నం. దానికి చప్పుడు అక్కర్లేదు, ఊహించని ప్రశ్న చాలు. మనిషి కదలకుండానే గతుక్కుమంటాడు, పైకి తెలియనివ్వకపోవచ్చు కూడా.

పత్రికల్లో "ఎందుకంత ఉలికిపాటు?" అని తప్పు చేసినవాడి మీద విసురుతుంటారు. ఆ ప్రయోగం పాతుకుపోయింది, కాదనను. నాకు మాత్రం అది నచ్చదు. నేరం మనసులో ఉన్నవాడు చేసేది భుజాలు తడుముకోవటం. గుమ్మడికాయల దొంగ సామెత మనకు ఉండగా, అమాయకంగా ఒళ్లు చేసే పనికి నేరం అంటగట్టటమెందుకు?

మనిషి స్వభావం చూడాలంటే ఉలికిపాటు తర్వాతి క్షణాన్ని చూడాలి. ఒకరు నవ్వేస్తారు. ఒకరు పిలిచినవాళ్లను కసురుకుంటారు. ఒకరు తత్తరపడి చేతిలోది జారవిడుస్తారు. ఇంకొకరు చప్పుడు ఎటునుంచి వచ్చిందో చూడటానికి అటే నడుస్తారు. నిబ్బరం, నిదానం, చిరాకు, కంగారు మనిషి వంటి మాటలు అక్కడ వాడాలి. మీరు త్వరగా తేరుకునేవారైతే నిబ్బరస్థురాలే, ఎన్నిసార్లు ఉలిక్కిపడినా సరే.

ఇట్టే ఉలిక్కిపడే మనిషికి మన వాడుకలో ఒకే మాటలో పేరు లేదు. మలయ్ వారికి లాటా అనే మాట ఉంది గానీ, అది ఉలిక్కిపడి నోటికొచ్చినది అనేయటం, ఎదుటివారిని అనుకరించటం వరకూ వెళ్లే స్థితికి పేరు. బెదురుగొడ్డు అనే మాట మనకుంది, అది పశువుకు సరే, మనిషికి తిట్టు. "ఆమెకు ఉలికిపాటు ఎక్కువ" అంటే సరిపోతుంది. మీ తోటి ఉద్యోగికీ అదే చెప్పండి.

చివరగా, రూపం. ఉలుకు ధాతువుకు క్త్వార్థం (చేసి, వచ్చి వంటి రూపం) ఉలికి, దానికి పడు చేరి ఉలికిపడు. చటుకున చటుక్కున అయినట్టే, హఠాత్తును ఒత్తి పలకటంలో క వత్తు వచ్చి ఉలిక్కిపడు అయింది. రెండూ ఒప్పే. నేటి వచనంలో ఉలిక్కిపడు సహజంగా ఉంటుంది. నామవాచకానికి మాత్రం ఒత్తు లేని ఉలికిపాటే వాడండి. "ఉలుకూ పలుకూ లేదు" అన్నప్పుడూ అంతే.