టెక్సస్‌లోని ఆస్టిన్ చుట్టుపక్కల కొండల్లో కనిపించే పొట్టి ఓక్ చెట్లను గుర్తుపట్టడం ఎలా?

ఆస్టిన్ పక్క ఊరు లియాండర్ దాటాక ట్రెయిల్‌లో తలెత్తు కూడా లేని ఓక్‌లు గుంపుగా కనిపించాయి, పెద్ద ఓక్‌ల పిల్లలా, లేక వేరే జాతా అని అడిగారు. మీరు చెప్పిన చోటును బట్టి అది షిన్ ఓక్ అనే వేరే పొట్టి జాతి అనుకుంటున్నాను. కానీ ముందు నేను పడ్డ బోల్తా చెప్పాలి.

ఇక్కడ ఇల్లు కొన్న కొత్తలో మా పెరట్లో లైవ్ ఓక్ (ఏడాదంతా పచ్చగా ఉండే ఓక్) కింద మోకాలెత్తు మొక్కలు బోలెడు లేచాయి. ఆకు అంచుల నిండా ముళ్లు. పైన చెట్టు ఆకులకేమో ముల్లన్నదే లేదు. ఏదో కలుపు అనుకుని ఓ ఆదివారం పార పట్టాను. కాస్త తవ్వేసరికి బొటనవేలంత వేరు తగిలింది, దాని వెంట పోతే నేరుగా ఆ పెద్ద చెట్టు మొదట్లోకి! అరటికి వచ్చినట్టు ఈ లైవ్ ఓక్‌కి కూడా పిలకలు వస్తాయన్నమాట. పిలక ఆకుకి ముళ్లుండటం, ముదురు కొమ్మ ఆకు నున్నగా ఉండటం దానికి మామూలే. ఆ రోజు నుంచి పిలకల ఆకు చూసి జాతి తేల్చడం మానేశాను. ఎండ బాగా తగిలే కొమ్మ ఆకే చూడండి.

ఆ ఆకు చీలికల కొసల్ని వేలితో తడమండి. కొసన వెంట్రుకలాంటి ముల్లు ఉంటే రెడ్ ఓక్ కుటుంబం, గుండ్రంగా ఉంటే వైట్ ఓక్ కుటుంబం. రెడ్ ఓక్‌ల కాయ పండటానికి రెండేళ్లు పడుతుంది, అందుకే ఒకే రెమ్మ మీద ఆవగింజంత పిందె, పెద్ద కాయ రెండూ దొరుకుతాయి. వైట్ ఓక్‌ల కాయలు అదే ఏడాది రాలిపోతాయి.

తర్వాత కాళ్ల కింద నేల. ఐ-35 హైవేకి పడమట సున్నపురాయి కొండలు. షిన్ ఓక్‌కి అదే ఇల్లు. ఆకు చిన్నది, అంచు అలలు అలలుగా ఉంటుంది, ముల్లుండదు. ముదురు కాండం బెరడు పొలుసులుగా ఊడుతుంది. కాయ అడుగున టోపీ మరీ చిన్నది, మూకుడులా. పిలకలతో పొదలు పొదలుగా అల్లుకుంటుంది, ఆ పొదల్లో నల్లతల వీరియో అనే చిన్న పిట్ట గూడు కడుతుంది. బాల్కోనెస్ కాన్యన్‌లాండ్స్ అభయారణ్యంలో ఆ పిట్ట కోసమే షిన్ ఓక్ పేరుతో ఒక డెక్ (నిలబడి చూసే వేదిక) కట్టారు. వీలైతే అక్కడికే వెళ్లండి, ఒకసారి అక్కడ చూస్తే ఇంకెక్కడా పొరబడరు.

అదే కొండల్లో, ఒకే మొదలు నుంచి మూడు నాలుగు కాండాలతో లేచి, లోతుగా చీలిన ఆకులతో నవంబరులో ఎర్రబడేది టెక్సస్ రెడ్ ఓక్. ఆస్టిన్‌కి తూర్పున బ్యాస్ట్రప్ వైపు ఇసుక నేలల్లో అయితే బ్లాక్‌జాక్ ఓక్ ఉంటుంది. ఆకు బాతు పాదంలా కొసన వెడల్పు, దాన్ని ఎవరూ మర్చిపోరు.

నన్ను నోరెళ్లబెట్టేలా చేసింది మాత్రం పశ్చిమ టెక్సస్‌లోని మొనహాన్స్ ఇసుక తిన్నెలు. అక్కడ హావర్డ్ ఓక్ అనే ఇంకో పొట్టి జాతి చాలాచోట్ల నడుం దాకా కూడా రాదు. ఆ ఎత్తుకే కాయలు కాస్తుంది! నేను చూసింది చెట్టు కొసలే, మిగతాదంతా ఇసుక కింద వేళ్లు. పిల్ల చెట్టు అనే మాట అక్కడ చెల్లదు.

అన్నట్టు, మన అరకు కాఫీ తోటల్లో మిరియాల తీగ పాకించే సిల్వర్ ఓక్‌కి వీటితో చుట్టరికమే లేదు. అది ఆస్ట్రేలియా చెట్టు, పేరొక్కటే ఓక్.

ఒక్క మాట. గుర్తుపట్టడానికని కొమ్మ విరవకండి, ముఖ్యంగా ఫిబ్రవరి నుంచి జూన్ దాకా. పచ్చి గాయం మీద వాలే పురుగుల వల్ల ఓక్ విల్ట్ తెగులు అంటుకుంటుంది, లైవ్ ఓక్‌లకైతే కలిసిన వేళ్ల ద్వారా పక్క చెట్లకూ పాకుతుంది. రాలిన ఆకు రెండు వైపులా, ఒక కాయ టోపీతో సహా ఫోటో తీసి పెట్టండి, చూసి చెప్తాను.