ఏ తిరుగుడో చెప్పు

అమ్మాయీ,

నీ కథ అందింది. ఆరో పేజీలో అత్తగారు "కళ్ళు తిరిగి పడిపోయింది" అన్నచోట పెన్ను మూత తీశాను. ఏడో పేజీలో వైద్యుడు తాతగారు "చెవిలో రాళ్ళ సంగతి మన చరకుడు ఏనాడో రాశాడు" అనేసరికి కాగితాలు పక్కన పడేసి మంచినీళ్ళు తాగొచ్చాను.

కళ్ళు తిరగడం అంటే ఏమిటమ్మా? గది గిర్రున తిరిగిందా? లేచి నిలబడగానే బైర్లు కమ్మాయా? అడుగు నిలవక తూలిందా? ఊరికే తల దిమ్ముగా ఉందా? మనకి ఇన్ని మాటలున్నది ఊరికే కాదు. గది తిరిగిందంటే చాలాసార్లు తప్పు లోపలి చెవిది. లేవగానే బైర్లు కమ్మితే బీపీ పడిపోతోందేమో చూడాలి. లేచిన మూడు నిమిషాల్లో పై అంకె 20 తగ్గిందంటే డాక్టర్లు దాన్ని లెక్కలోకి తీసుకుంటారు. మంచి డాక్టరు మందు రాసేముందు ఇదే అడుగుతాడు, కథ రాసేవాళ్ళం మనం అడగొద్దూ? సినిమాలో కోడలు కళ్ళు తిరిగి పడితే ఇంట్లో స్వీట్లు పంచుతారు. మీ అత్తగారికి అరవై దాటాయి, ఆ సదుపాయం కూడా లేదు.

ఒకప్పుడు నేను "బైర్లు కమ్మాయి" అని రాస్తే ఓ వారపత్రిక ఎడిటరు దాన్ని "స్పృహ తప్పింది" అని దిద్దాడు. నా మనిషి స్పృహ తప్పలేదు, పందిరి గుంజ పట్టుకుని నిలబడింది. తర్వాతి పేరాలో బిందె ఎత్తుకుని నడిచింది కూడా. స్పృహ తప్పినావిడ నీళ్ళెలా మోసిందని పాఠకులు తిట్టింది నన్ను, ఆయన్ని కాదు.

ఇక చరకుడు. వాతరోగాలు 80 అని చెప్పిన జాబితాలో "భ్రమ" ఉంది, నిజమే. రోగ లక్షణాలు చెప్పే పాత ఆయుర్వేద గ్రంథం మాధవనిదానంలో ఇంకా బాగుంది: రజోగుణం, పిత్తం, వాతం కలిస్తే భ్రమ, అంటే తల తిరగడం, ఒళ్ళు చక్రంలా తిరిగి మనిషి నేలమీద పడతాడు. చక్రంలా! రోగి పక్కన కూర్చుని చూసినవాడి మాట అది. ఆ శ్లోకంలో చెవి ఊసు లేదు. లేకపోతే ఏం? లోపలి చెవిలోని సున్నపు రేణువులు, అదే నీ తాతగారి రాళ్ళు, చోటు తప్పి అక్కడి అర్ధవృత్తాకార నాళాల్లోకి జారి తల తిప్పుతాయన్నది 20వ శతాబ్దంలో తేలిన సంగతి. ఈ జబ్బు తీరును బరానీ అనే చెవి డాక్టరు 1921లో వర్ణించాడు. తల తిప్పుతూ ఆ రేణువుల్ని వెనక్కి పంపే పద్ధతిని అమెరికా డాక్టరు ఎప్లీ 1992లో అచ్చువేయించాడు, అంతకుముందు ఏళ్ళ తరబడి తోటి డాక్టర్లు ఆయన్ని చూసి నవ్వారు. ఎప్లీ మాటలు చరకుడి నోట్లో పెట్టి ఇద్దరికీ అన్యాయం చేశావు.

ఇంత కోపం దేనికంటావా, నేను పడ్డాను కనుక. ఓ తెల్లవారుజామున కుడివైపు ఒత్తిగిల్లాను. ఫ్యాను ఆగే ఉంది, గదే దాని చుట్టూ తిరిగింది. మంచం పట్టె రెండు చేతులా పట్టుకున్నాను. అర నిమిషంలో ఆగింది. మా అక్కయ్య పైత్యమంది, అల్లం మురబ్బా పెట్టింది. కడుపులో తిప్పడం తగ్గింది, తల తిరగడం తగ్గలేదు. ఒక డాక్టరు మెడ ఎముకలన్నాడు. రెండు నెలలు మెడకి కాలరుతో తిరిగాను. చివరికి చెవి డాక్టరమ్మ నన్ను బల్లమీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, ఒక్క ఊపున వెనక్కి పడుకోబెట్టి నా కళ్ళలోకే చూసింది. నల్లగుడ్లు టకటకా కొట్టుకుంటున్నాయట. కాసేపాగి తల ఎడమకి, తర్వాత మనిషినే పక్కకి, తర్వాత మెల్లగా లేపి కూర్చోబెట్టింది. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆటోలో ఇంటికొస్తూ తల రెండుసార్లు కావాలని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాను.

పోటీకి పంపాలా అని అడిగావు, అది తర్వాత. పడేముందు మీ అత్తగారు దేన్ని పట్టుకోబోయింది? ఆరో పేజీ మళ్ళీ రాసి పంపు. ఏడో పేజీ పంపకు.