పోలిక వేరు, కాపీ వేరు

మీరు లెగో ముక్కలతో కట్టిన పోర్షే 911 కారు తన డిజైనుకు కాపీ అని తోటి సభ్యుడొకరు ఆరోపించారని, సమాధానం ఏం చెప్పాలని అడిగారు. 2020లో లెగో కంపెనీ ‘స్పీడ్ చాంపియన్స్’ శ్రేణి బొమ్మ కార్ల వెడల్పు ఆరు స్టడ్ల (ముక్కల పైనుండే గుండ్రని బొడిపెల) నుంచి ఎనిమిదికి పెరిగింది. ఆ కొలతలో, దొరికే కొద్దిపాటి వాలు ముక్కలతో, అదే కారును ఇద్దరు కడితే వెనుక భాగాలు ఒకేలా రావడంలో వింతేమీ లేదు. అయితే బ్రాకెట్ (ముక్కలను పక్కవాటంగా తగిలించే L ఆకారపు ముక్క) గోడకున్న అర ప్లేటు (ప్లేటు అంటే పలుచని లెగో ముక్క) మందాన్ని ఆసరా చేసుకుని తలుపును కాస్త లోపలికి జరిపిన కిటుకు ఆయన ఫొటోల్లో చూసిందేనని మీరే రాశారు కాబట్టి, ఆ సంగతిని వివరణ మొదట్లోనే ఆయన పేరుతో సహా చెప్పి, లింకు ఇవ్వండి. ఉత్త ‘స్ఫూర్తి’ అనే మాట చాలదు. దాని చాటున ఎంతైనా దాచవచ్చు. నిర్మాణ సూచనలను అమ్మదలిస్తే మాత్రం ముందుగా ఆయన అనుమతి తీసుకోండి.