ట్యూడర్ కాలపు స్త్రీల గురించి చదవాలంటే దేనితో మొదలుపెట్టాలి?

ట్యూడర్ (1485–1603 మధ్య ఇంగ్లండును ఏలిన వంశం) రాణుల మీద వచ్చిన పుస్తకాలు ముందు చదవాలా, మతం కోసం ప్రాణాలిచ్చిన స్త్రీల పుస్తకాలు ముందు చదవాలా అని మీరు అడిగారు. అసలు ఆ రెంటినీ విడదీయడమే పొరపాటని నా గట్టి నమ్మకం.

నేను ఉద్యోగరీత్యా ఇంగ్లండులో ఉన్నప్పుడు మా ఊరి గ్రంథాలయంలో ఎనిమిదో హెన్రీ భార్యలకు ఒక బీరువా కేటాయించారు. అందులో సగం ఆన్ బొలీన్ ప్రేమ చుట్టూ అల్లిన నవలలే. ప్రొటెస్టంటు నమ్మకాల కోసం ప్రాణాలిచ్చిన ఆన్ ఆస్క్యూ తన విచారణల గురించి స్వయంగా రాసుకున్న పుస్తకం మాత్రం కింది అంతస్తులో, మత గ్రంథాల మధ్య దొరికింది. చదివితే అది అచ్చంగా అంతఃపురం కథ.

1546లో ఆమెను లండన్ టవర్‌లో ప్రశ్నించినవారికి కావలసింది దొరసానుల పేర్లు. హెన్రీ ఆఖరి భార్య, రాణి క్యాథరిన్ పార్‌కు సన్నిహితులైన వారిలో నీ మతంలో ఉన్నదెవరు, చెరసాలలో నిన్ను పోషించినదెవరు అని గుచ్చి గుచ్చి అడిగారు. తన పనిపిల్లకు నీలం కోటు తొడుక్కున్న మనిషి ఒకడు పది షిల్లింగులిచ్చి హెర్ట్‌ఫర్డ్ దొరసాని పంపారన్నాడనీ, ఊదారంగు కోటువాడు ఎనిమిది షిల్లింగులిచ్చి డెన్నీ దొరసాని పేరు చెప్పాడనీ, అది నిజమో కాదో తనకు తెలియదనీ ఆమె జవాబిచ్చింది. ఆ కోట్ల రంగుల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తన మతస్థులుగా ఒక్కరినీ బయటపెట్టనందుకు ఆమెను ఒళ్లు సాగదీసే హింసాయంత్రానికి కట్టారు. రాజు ఉన్నతాధికారులైన ఛాన్సలర్ రైయథ్‌స్లీ, రిచర్డ్ రిచ్ తమ చేతులతోనే దాన్ని తిప్పారు. విప్పగానే స్పృహ తప్పిన ఆ మనిషి, తేరుకున్నాక వట్టి నేల మీద కూర్చుని అదే ఛాన్సలర్‌తో రెండు గంటలు వాదించింది. జూలై 16న స్మిత్‌ఫీల్డ్‌లో దహనానికి ఆమెను కుర్చీలో మోసుకుపోవలసి వచ్చింది.

ఒక హెచ్చరిక: ఆస్క్యూ పుస్తకాన్ని తొలిసారి అచ్చువేయించిన ప్రొటెస్టంటు రచయిత జాన్ బేల్ ఆమె మాటల నడుమ తన వివరణలు దూర్చాడు. మూలం మూరెడు, వ్యాఖ్యానం బారెడు. వాటిని నిర్మొహమాటంగా దాటవేయండి.

ఆ వెంటనే క్యాథరిన్ పార్ రచనలు అందుకోండి. ఆమె ప్రార్థనల పుస్తకం 1545లోనే ఆమె పేరుతో అచ్చయింది. పోపును తూర్పారబట్టి, తన పాపాలను తానే ఒప్పుకుంటూ రాసిన రెండో పుస్తకం మాత్రం 1547 జనవరిలో హెన్రీ కన్నుమూశాకే, ఆ ఏడాది చివర్లో వెలుగు చూసింది. ఆస్క్యూ చదివినవారికి ఆ ఆలస్యం ఎందుకో ఎవరూ చెప్పనక్కరలేదు.