సంతకానికి ముందు

అమ్మడూ,

యూనివర్సిటీ చేయిస్తున్న షుగర్ మందు ట్రయల్‌లో కోఆర్డినేటర్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ సాయంత్రం వాకింగ్‌లో కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. రాత్రి పడుకున్నాక మాత్రం టెన్షన్ మొదలైంది.

ఫైళ్లు రాయడం, శాంపిళ్లు పంపడం వాళ్లే నేర్పుతారు. ట్రయల్ సీటీఆర్‌ఐలో, అంటే మన దేశంలో ట్రయళ్లను నమోదు చేసే ప్రభుత్వ రిజిస్టర్‌లో, ఎక్కిందో లేదో మాత్రం నువ్వే చూసుకో. మొదటి పేషెంటు చేరకముందే ఆ నమోదు జరగాలి.

యూనివర్సిటీ స్పాన్సర్ అయినందుకు నాకు సంతోషమే. పేటెంట్ తీరిపోయిన చవక మందు మీద ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? కోవిడ్‌లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ నడిపిన రికవరీ ట్రయల్ చూడు. మేం వార్డుల్లో ఎప్పటినుంచో వాడుతున్న డెక్సామెథసోన్ అనే చవక స్టెరాయిడ్‌నే పరీక్షించారు. వెంటిలేటర్ మీదున్న వాళ్లలో మామూలు వైద్యంతో నూటికి 41 మంది పోతే, ఈ మందు కూడా ఇచ్చిన వాళ్లలో 29 మంది పోయారు. ఎవరికి ఏది ఇవ్వాలో డాక్టర్ ఎంచుకోలేదు, కంప్యూటర్ లాటరీ తీసింది. అందుకే ఆ లెక్కను లోకమంతా నమ్మింది.

కానీ యూనివర్సిటీ పేరు, తెల్లకోటు చూడగానే మనవాళ్లు ఇక ప్రశ్న అడగరు. నా భయమంతా అక్కడే.

2009లో మన ఖమ్మం జిల్లాలో ఏం జరిగిందో నీకు తెలియాలి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు వేశారు. పాత్ అనే విదేశీ సంస్థ, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన పని అది. చాలామంది హాస్టళ్లలో ఉండే గిరిజన పిల్లలు. తల్లిదండ్రులు ఎక్కడో ఊళ్లో ఉన్నారు. రెండు వేలకు పైగా ఫారాల మీద హాస్టల్ వార్డెన్లే సంతకాలు పెట్టారు. ఖమ్మం, ఇదే పని జరిగిన గుజరాత్‌లోని వడోదర కలిపి ఏడుగురు పిల్లలు చనిపోయారు. 2010 ఏప్రిల్‌లో అంతా ఆపేశారు. ఆ చావులకు టీకాతో సంబంధం ఉండకపోవచ్చని విచారణ కమిటీ చెప్పింది. టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. అయినా కూతురికి ఏ సూది వేశారో తెలియని తల్లికి ఆ నివేదిక చూపించి ఏం లాభం? దాన్ని ట్రయల్ అనకుండా డెమాన్‌స్ట్రేషన్ ప్రాజెక్టు, అంటే టీకా వేసి చూపించే కార్యక్రమం అన్నారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది.

అందుకే చెబుతున్నా, సంతకం దగ్గర తొందరపడకు. నీది గబగబా మాట. చిన్నప్పుడు ఎక్కాలు కూడా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేదానివి, ముద్దొచ్చేది. ఇక్కడ అది పనికిరాదు. వార్డులో ముసలమ్మలు కాగితం వైపు చూడరు. ఇంకు పూసిన బొటనవేలు గాల్లో పెట్టుకుని, “యాడ పెట్టాలె సారూ?” అని డాక్టర్ మొహంలోకి చూస్తారు. ఆ వేలు అప్పుడే కాగితం మీద పెట్టించకు. “పెద్దమ్మా, నీకేం అర్థమైందో నీ మాటల్లో చెప్పు” అని అడుగు. తనకు పరీక్షించే మందు రావచ్చు, మామూలుగా ఇచ్చేదే రావచ్చు, ఆ సంగతి డాక్టర్ చేతిలో లేదని ఆమె నోటితో చెప్పాలి. చదువు రాకపోతే ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి. ఎప్పుడైనా మానేయొచ్చని, మానేసినా ఆసుపత్రిలో వైద్యం ఆగదని రెండుసార్లు చెప్పు. ట్రయల్ వల్ల ఆరోగ్యం దెబ్బతింటే ఉచితంగా చూడాలని, పరిహారం ఇవ్వాలని ట్రయళ్ల మీద కేంద్రం తెచ్చిన 2019 రూల్స్‌లోనే ఉంది. ఫారం కాపీ ఆమె చేతికివ్వు, పేషెంట్లకు అన్యాయం జరక్కుండా చూసే ఎథిక్స్ కమిటీ నంబరు చూపించు.

ఈ నెల ఇంకా ఇంతమందిని చేర్చాలని పైనుంచి ఒత్తిడి వస్తుంది. “ఇంటికెళ్లి కొడుకునడిగి వస్తా” అన్న మనిషిని పోనివ్వు. ఎవరైనా కేకలేస్తే రాత్రి ఎంతైనా సరే నాకు ఫోన్ చెయ్యి.

తెలుగు ఫారం చేతికి రాగానే నాకు వాట్సాప్‌లో పెట్టు. పక్కింటి సరుకుల కొట్టాయనకు చదివి వినిపిస్తా. ఆయనకు ఎక్కడ అర్థం కాకపోతే అక్కడ గీత గీసి పంపుతా.

మీ పెద్దమ్మ