వానాకాలంలో చేసిన టీపాయి ఎండాకాలంలో ఎందుకు పగిలింది?

హన్మకొండలో ఉంటూ ఆగస్టులో వేప చెక్కతో సొంతంగా టీపాయి చేసుకున్నారు, మే వచ్చేసరికి పై పలక నిలువునా చీలింది, తప్పెక్కడ అని అడిగారు.

చీలింది మీ పనితనం తక్కువై కాదు. చెక్క గాలిలో తేమను పీల్చి ఉబ్బుతుంది, వదిలి కుదించుకుంటుంది. ఆ మార్పంతా వెడల్పులోనే, పొడవులో దాదాపు ఉండదు. మన దగ్గర ముసురుకూ, 43, 44 డిగ్రీల ఎండకూ మధ్య రెండడుగుల పలక కొన్ని మిల్లీమీటర్లు తగ్గుతుంది. మీరు దాన్ని ఫ్రేముకు స్క్రూలతో, ఫెవికాల్‌తో కదలకుండా బిగించి ఉంటారు. కుదించుకునే దారి లేక పగిలింది.

ఈసారి ఫ్రేములో స్క్రూ రంధ్రాలను పలక వెడల్పు వైపు కాస్త సాగదీసి తొలవండి. పలకకూ ఫ్రేముకూ మధ్య ఫెవికాల్ అసలు వద్దు.

ఇంకో కారణం, చెక్క పచ్చిది అయ్యుండొచ్చు. సామిల్లులో కోయించిన పలకల మధ్య సన్నని రీపు ముక్కలు పెట్టి, నీడలో గాలి ఆడేలా పేర్చాలి. అంగుళం మందం ఆరడానికి ఏడాది అన్నది పాత లెక్క. అంత ఓపిక నాకూ లేదు! అందుకే కూల్చిన పాత ఇళ్ల టేకు దర్వాజలు కొంటాను. ఎప్పుడో ఆరిన కలప, పైగా టేకు వేప కన్నా తక్కువ కదులుతుంది. చిత్రిక పట్టే ముందు మాత్రం లోపల మేకులున్నాయేమో అయస్కాంతంతో వెతకండి. నా బ్లేడు రెండుసార్లు పోయింది.